పదో బందీ

దండు వచ్చిపోయిన మర్నాడు అర్గుణి ఊరివాళ్లు లెక్క చూసుకుంటే చచ్చినవాళ్లు కాక తొమ్మిదిమంది మనుషులు తగ్గారు. ఎవరడిగినా ఊరు మాత్రం పదిమంది అనే చెప్పేది. పదో బందీ ఒక పుస్తకం, గుడిలో ఉండే సువార్త.

వెండి అట్ట, రెండువందల డెబ్భై తోలు ఆకులు, ఆకుల అంచుల వెంట బంగారు నీటితో వేసిన నెమళ్లూ దానిమ్మలూ. వానలు మొహం చాటేస్తే దాన్నే పొలాల్లో ఊరేగించేవారు. కాన్పు కష్టమైతే దాన్నే మంచం పక్కకు తెచ్చేవారు. దొంగ దొరికితే వాడి చెయ్యి దాని మీదే పెట్టించేవారు. అలాంటిదాన్ని ‘ఎత్తుకుపోయారు’ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ‘చెరపట్టారు’ అన్నారు. డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకుంటే ‘కొన్నాం’ అనరు, ‘విడిపించాం’ అంటారు. మనుషులకు వాడే మాటలే పుస్తకానికీ వాడేవారు. వినడానికి ఎంత బాగుంటుందో, దాని ఖరీదు అంత ఎక్కువైంది.

తొమ్మిదిమందిలో ఇద్దరు దారిలోనే మంచుకు పోయారు. మిగతావాళ్లు ఎటెటో అమ్ముడుపోయారు. చలికాలం చివర్లో ఉప్పుచేపలు అమ్ముకునేవాడొకడు కబురు తెచ్చాడు. బగేష్ సంతలో ఒక బేరగాడి దగ్గర పదకొండేళ్ల పిల్ల ఉంది, పేరు వర్దేని, అర్గుణి మామ్‌ఖాతూన్ కూతుర్నని చెబుతోంది.

మామ్‌ఖాతూన్ భర్తను దండు గుమ్మంలోనే నరికేసింది. ఆమెకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. కబురు విన్న వారంలోపు రెండావులూ, ఏటి పక్కన గోధుమ పొలం చెక్కా, పెళ్లినాటి వెండి మొలనూలూ అమ్మేసింది. ఊరు కూడా తలా పిడికెడు వేసింది. ఆ సంచి తెచ్చి ఊరి గుడి అయ్యగారు మార్తిరోస్ చేతిలో పెట్టింది. సంత భాషలు వచ్చినవాడు ఆయనొక్కడే.

“ఎడమ మోచేతి మీద కాలిన మచ్చుంటుంది అయ్యగారూ. వేరే పిల్లని అంటగడతారేమో, చూసుకోండి.”

“నా చేత్తో బాప్తిస్మం ఇచ్చిన పిల్లని నేను గుర్తుపట్టనా తల్లీ?”

“అదేలెండి. అయినా చూడండి.”

ఈస్టర్ వెళ్లిన పదోరోజున మార్తిరోస్ కంచరగాడిద ఎక్కి కొండ దిగాడు.

బేరగాడు మహా మర్యాదస్తుడు. దిండు వేసి కూర్చోబెట్టి చల్లటి మజ్జిగ ఇచ్చాడు, దారిలో మంచు కరిగిందా అని అడిగాడు. మనుషుల్ని అమ్మేవాళ్లకు కోరలూ కొమ్ములూ ఉంటాయనుకుంటాం గానీ, అది మన పిచ్చి. తర్వాత వెనక గదిలోకి తీసుకెళ్లాడు. అక్కడ వర్దేని ఉన్ని దువ్వుతూ కూర్చుని ఉంది. జుట్టు కత్తిరించేశారు. మెడ చిక్కి సన్నగా అయిపోయింది. ఆయన మచ్చ చూడాల్సిన పనే లేకపోయింది.

“అయ్యగారూ! అమ్మొచ్చిందా?”

“నేనొచ్చాను బంగారూ. పద, ఇంటికెళ్దాం.”

ఆ మాట ఆయన తన నోటితోనే అన్నాడు. ఆ తర్వాత ఎన్నేళ్లు బతికినా, ఎంత ప్రార్థించినా, ఆ మాట అనలేదని దేవుడితో కూడా వాదించలేకపోయాడు.

బేరం తెగింది. ముందు గదిలోకి వచ్చి సంచి ముడి విప్పుతుండగా పక్క గదిలోంచి తోలు మీద కత్తి నడిచే చప్పుడు వినిపించింది. మార్తిరోస్ చిన్నప్పటినుంచీ తండ్రి దగ్గర పుస్తకాలు కుట్టినవాడు. కుట్టు తెంపి ఆకు విడదీసే చప్పుడు ఆయనకు నిద్రలో కూడా తెలుస్తుంది. సంచి చంకలో పెట్టుకుని లేచి వెళ్లాడు.

నేల మీద జీనులు కుట్టేవాడు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. వాడి ఒడిలో సువార్త ఉంది. వెండి అట్టలు ఎప్పుడో ఊడదీశారు. నాలుగాకులు కోసి పక్కన పడేశాడు. పై ఆకు మీద లూకా సువార్తికుడు కలం చెవిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“ఏం చేస్తున్నావయ్యా?” అన్నాడు మార్తిరోస్.

“జీను కింద అస్తరు వేద్దామని. పాతదైనా మంచి తోలు సామీ, వెన్నలా ఉంది. ఈ రంగులే చావట్లేదు. గీకాలి.”

బేరగాడు వెనకే వచ్చాడు. “మీ ఊరిదా ఇది? ముందే చెప్పొద్దూ! అయితే పిల్లకెంతో దీనికీ అంతే.”

“రెండూ ఇయ్యి. పిల్ల డబ్బు ఇప్పుడిస్తా. దీని డబ్బు ఎండాకాలం చివర ద్రాక్షల పండక్కి తెచ్చిస్తాం.”

“అరువు బేరం లేదు సామీ. మా నాన్న అరువిచ్చే పోయాడు.”

“పోనీ, దీన్ని అప్పటిదాకా ఉంచు.”

“ఎలా ఉంచను? ఇతను బయానా ఇచ్చాడు. సాయంత్రానికి ముక్కలు చేసుకుని పోతాడు. పిల్లంటారా, ఆమె ఎక్కడికి పోతుంది? ఉన్ని బాగా దువ్వుతోంది, తిండికి సరిపడా పని చేస్తోంది. ద్రాక్షల పండుగ దాకా ఉంచుతాను. మీ దేవుడి మీద ఒట్టు, మా దేవుడి మీద ఒట్టు.”

ఉత్తపుణ్యానికి ఇద్దరు దేవుళ్ల మీద ఒట్టు పెట్టినవాడి మాట ఒక్కటి కూడా నమ్మకూడదని అర్గుణిలో గొర్రెలు కాసుకునేవాడికీ తెలుసు. మార్తిరోస్ నమ్మాడు. నమ్మాలనుకున్నాడు కాబట్టి నమ్మాడు.

ఆయన బుర్రలో ఏం తిరిగిందో దాచిపెట్టి లాభం లేదు. మనిషి బందీ అయినా అన్నం అడుగుతుంది, ఏడుస్తుంది, ఎక్కడో చోట బతికి ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. పుస్తకానికి నోరు లేదు. గీకేసిన బొమ్మ మళ్లీ రాదు. నూటపాతికేళ్లలో అది రెండుసార్లు చెయ్యి దాటింది, రెండుసార్లూ ఎవరో ఒకరు సర్వం ధారపోసి విడిపించారు. దాని యజమానుల పేర్లు చివరి ఆకుల్లో వరసగా ఉన్నాయి. మొదట దాన్ని రాయించిన గుర్రాల వర్తకుడి విధవ, తర్వాత విత్తనాలకని తాకట్టు పెట్టి ఏడేళ్లకు విడిపించుకున్న అన్నదమ్ములు, ఆఖర్న ద్రాక్షతోట అమ్మేసి చెర విడిపించిన మార్తిరోస్ తాత. తాత పేరు కింద నాలుగువేళ్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీ కూడా ఆయన కళ్లముందు ఆడింది. లేదంటే అబద్ధమే.

ఆయన వెనక గదిలోకి వెళ్లి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

“వర్దేనీ, మన సువార్త కూడా ఇక్కడే ఉందమ్మా.”

“తెలుసు. ఇందాకట్నించి కోస్తున్నారు. వినపడుతోంది.”

“నా దగ్గర డబ్బు ఒక్కదానికే ఉంది. దాన్ని ఇవ్వాళ తీసుకెళ్లకపోతే ఇంక ఉండదు. నువ్వు... నువ్వు ద్రాక్షల పండుగ దాకా ఉండగలవా తల్లీ?”

పిల్ల చేతిలో ఉన్ని దువ్వెన ఆగింది. పెద్దవాళ్లు ఇంత మెల్లగా అడిగితే కాదనకూడదని ఆ ఊరి పిల్లలందరికీ నేర్పే ఉంటారు. నేర్పినవాడు మార్తిరోసే.

“తీసుకెళ్లండి అయ్యగారూ. పాపం దాన్ని కోస్తున్నారు. నేను ఆగుతాను.”

ఆయన ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించాడు. బయటికి వచ్చి సంచి మొత్తం బోర్లించాడు. కోసిన నాలుగాకులూ, పుస్తకమూ కంబళిలో చుట్టుకుని మధ్యాహ్నానికే ఊరు దాటాడు.

అయ్యగారి కంచరగాడిద కనుమ దిగుతోందని గొర్రెలకాపరి అరిచేసరికి ఊరంతా పొలిమేరలోని రాతిసిలువ దగ్గరికి పరుగెత్తింది. అందరికన్నా ముందు మామ్‌ఖాతూన్ ఉంది. పిల్ల వట్టికాళ్లతో వస్తుందేమోనని చేతిలో జోళ్లు పట్టుకుంది. చంకలో వేడి రొట్టె మూట ఉంది.

మార్తిరోస్ దిగి కంబళి విప్పాడు. ముందు వరసలోని ముసలమ్మ ఒకతె కెవ్వుమని మోకాళ్ల మీద పడింది. ఆ తర్వాత అందరూ పడ్డారు. ఏడుపు, పాట, కొవ్వొత్తులు తెమ్మని కేకలు. ఒకరి భుజాల మీంచి ఒకరు వంగి ఆ అట్టలేని ఆకుల కట్టకు ముద్దులు పెడుతున్నారు. “వచ్చావా తల్లీ, వచ్చావా, నిన్నెంత బాధపెట్టారో” అని దాన్నే నిమురుతున్నారు.

మామ్‌ఖాతూన్ గాడిద చుట్టూ తిరిగింది. దారి వైపు చూసింది. మళ్లీ తిరిగింది.

“వెనక నడిచి వస్తోందా అయ్యగారూ?”

మార్తిరోస్ గాడిద కళ్లెం సర్దాడు.

“బాగుందమ్మా. చూశాను. కళ్లారా చూశాను. ద్రాక్షల పండుగ దాకా అతను ఉంచుతానన్నాడు. సువార్తని ఆ పూటే ముక్కలు చేసేస్తున్నారు, నువ్వుంటే నువ్వూ...”

ఆ మాట పూర్తి చెయ్యడానికి ఆయనకే సిగ్గేసింది.

ఊరిపెద్ద మెలిక్‌సెత్ కలగజేసుకున్నాడు. కష్టమొచ్చిన ఇంట్లో కూడా ఛలోక్తి విసిరి నలుగుర్నీ నవ్వించే మనిషి, ఆ రోజు కూడా అదే పని చేయబోయాడు. “అమ్మాయి ఎక్కడికి పోద్దే మామ్‌ఖాతూన్! బగేష్‌లో పట్నం తిండి తిని ఒళ్లు చేసి వస్తుంది, చూడు. పండక్కి ఇంకో పొలం చెక్క అమ్మితే సరి.”

“ఎవరి పొలం?” అంది ఆమె.

“అంటే...”

“నాది అయిపోయింది పెద్దయ్యా. మీ పొలమా?”

మెలిక్‌సెత్ గడ్డం గోక్కున్నాడు. పక్కవాళ్లు కొవ్వొత్తుల వైపు చూశారు. మార్తిరోస్ ఆమెను ఓదార్చాలని తనకు తోచిన మాట అన్నాడు. అంతకన్నా చెడ్డమాట ఇంకోటి దొరకదు.

“తల్లీ, చెరనుంచి విడిపించిన పుస్తకానికి ఎవరి సొమ్ము ఎక్కువుంటే వాళ్లే యజమాని. తాతలనాటి రివాజు. ఈ సువార్త ఇవాళ్టి నుంచీ నీది. చివరి ఆకు మీద నీ పేరెక్కుతుంది. ఈ లోకం ఉన్నంతకాలం ఎవరు చదివినా నీ పేరు తలుచుకుని ప్రార్థిస్తారు.”

ఆమె జోళ్లు రెండూ ఒకదానికొకటి ఆనించి దులిపింది. రొట్టె మూట ఆయన చేతిలో పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

మూడోరోజు పొద్దున్నే గుడికి వచ్చింది. మార్తిరోస్ కోసిన ఆకులను కుడుతున్నాడు.

“ఇది నాదేగా?”

“నీదే.”

“అయితే ఇటివ్వండి. తీసుకెళ్లి వాడి మొహాన కొట్టి నా పిల్లని తెచ్చుకుంటా.”

ఆయన సూది ఆపాడు. “వద్దమ్మా. మొదట రాయించినామె శాపం రాసింది ఇందులో. దీన్ని అమ్మినవాళ్లకీ, తాకట్టు పెట్టినవాళ్లకీ క్రీస్తును అమ్మేసిన జూదాస్ పక్కన చోటని.”

“జూదాస్ పక్కన నేను సర్దుకుంటాలెండి. పిల్ల ఇంట్లో పడుకుంటుంది.” ఒక్కక్షణం ఆగి, “దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నిజమే కాబోలు” అంది.

ఆ మాటకు మార్తిరోస్ తల వంచేశాడు. దారం కొరికి, పుస్తకాన్ని గోతాంలో పెట్టి, తనే భుజాన వేసుకున్నాడు. ఊరికి చెప్పలేదు. చెబితే మెలిక్‌సెత్ దారికడ్డంగా పడుకునేవాడు, పిల్ల కోసం కాదు, పుస్తకం కోసం. మూడురోజుల దారిలో ఇద్దరూ పది మాటలు కూడా మాట్లాడుకోలేదు. ఆమె గాడిద ఎక్కనంది. కూతురు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కాలి గాబట్టి దాన్ని అలిసిపోనివ్వకూడదంది.

బేరగాడు ఈసారి కూడా మజ్జిగ తెప్పించాడు.

“ఆ పిల్లా? మీరెళ్లిన నాలుగోరోజునే పోయిందే! దక్షిణం నుంచి బిడారు వచ్చింది. మంచి ధర పలికింది.”

“ఒట్టు పెట్టావు గదయ్యా!” అన్నాడు మార్తిరోస్.

“పెట్టాను. మీరు పుస్తకం కొంటారని పెట్టాను. నేను దుకాణం పెట్టుకున్నాను సామీ, అనాథాశ్రమం కాదు.”

“ఎవరు కొన్నారు? ఏ ఊరు?”

“బిడారుకి ఊరేమిటి? పదిచోట్ల ఆగుతుంది, పదిచోట్ల అమ్ముతుంది.” బేరగాడు గోతాం వైపు చూశాడు. “ఇది వెనక్కిస్తారా? వెండి లేదు, పావలావంతుకి తీసుకుంటాను. మీవాళ్లు తప్ప ఎవరూ కొనరు దీన్ని.”

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. మామ్‌ఖాతూన్ ఆ ధర విననే లేదు. వెనక గది గుమ్మం దాకా వెళ్లి లోపలికి చూసింది. ఉన్ని కుప్ప దగ్గర ఇంకో పిల్ల కూర్చుని ఉంది. ఆ పిల్ల ఈమెను చూసి లేవబోయి, తన తల్లి కాదని తెలిసి మళ్లీ కూర్చుంది.

“నా పిల్ల ఏమన్నా చెప్పిందా అయ్యా, పోయేటప్పుడు?” అనడిగింది బేరగాణ్ణి.

“ఏం చెబుతుందమ్మా? వచ్చినవాణ్ణల్లా ద్రాక్షలు పండాయా అని అడిగేది. కొండ మీద మంచే కరగలేదు, ద్రాక్షలేమిటే అని నవ్వేవాళ్లం.”

మామ్‌ఖాతూన్ మార్తిరోస్ వైపు తిరిగింది. ఆయన నేల చూశాడు. తిరుగుదారిలో కూడా ఆమె నడిచే వచ్చింది. గాడిద మీద పుస్తకం ఒక్కటే ఉంది.

ఊరు ఆమెను ఏమీ అనలేదు. అందరికీ ఆమెను చూస్తే భయం పట్టుకుంది. ఆ ఆదివారం పూజ అయ్యాక మెలిక్‌సెత్ గొర్రెను కోయించాడు, గోధుమలు ఉడికించారు, యజమానురాలి జ్ఞాపకం రాయించడానికి అందరూ గుళ్లో చేరారు. మార్తిరోస్ రెల్లుకలం చెక్కుకుని, చివరి ఆకు తెరిచాడు. మామ్‌ఖాతూన్ ఆయన ఎదురుగా చాప మీద కూర్చుంది.

“అందరిలాగే రాసెయ్యండి అయ్యగారూ,” అన్నాడు మెలిక్‌సెత్. “ఫలానా మామ్‌ఖాతూన్ న్యాయార్జితమైన సొమ్ముతో ఈ పరిశుద్ధ సువార్తను చెరనుంచి విడిపించి, తన భర్త ఆత్మశాంతి కోసం...”

“ఆగండి పెద్దయ్యా. ముందు వాళ్లు ఏం రాశారో చదివించండి. నా పుస్తకం గదా, నాకు చదువు రాదు గదా.”

మార్తిరోస్ మొదటినుంచీ చదివాడు. వర్తకుడి విధవ పేరు, ఆమె శాపం, రాసినవాడి పేరు. రాసినవాడు తనను ‘పాపిని, బూడిదను, పేరుకే పూజారిని’ అనుకున్నాడు. తర్వాతి రాతగాడు ‘పాపులలో కడపటివాడిని, మట్టిని’ అన్నాడు. ఆయన తాత కూడా ‘పనికిమాలిన పాపినైన నేను’ అనే మొదలుపెట్టాడు. రాతగాళ్లకది ఆనవాయితీ. పాపిని అని రాసుకోని రాతగాడు ఆ దేశంలో ఎక్కడా లేడు. అది చదివి ఎవరూ నిజమనుకోరు, వినయమనుకుంటారు.

“ఇప్పుడు మీరూ పాపినని రాస్తారా?” అంది మామ్‌ఖాతూన్.

“రాయాలమ్మా.”

“అందరూ పాపులమనే రాశారు. ఏ పాపమో ఒక్కడూ రాయలేదు. మీరు రాయండి.”

గుడిలో ఎవరో దగ్గారు. మెలిక్‌సెత్ లేచాడు. “ఏంటే ఇది? దేవుడి పుస్తకంలో ఇంటి గొడవలు రాయిస్తావా? రేపు మన మనవలు చదివితే ఊరి పరువు ఏం గాను?”

“ఇది నా పుస్తకం పెద్దయ్యా. మీరే అన్నారు. కావాలంటే కొనుక్కోండి. ధర తెలుసుగా.”

మెలిక్‌సెత్ కూలబడ్డాడు. మార్తిరోస్ కలం సిరాలో ముంచాడు. చెయ్యి చిన్నప్పటి అలవాటుకొద్దీ తిన్నగానే నడిచింది. ఒక్కొక్క మాటా పైకి చదువుతూ రాశాడు.

“పాపినైన నేను, అర్గుణి పూజారి మార్తిరోస్, మామ్‌ఖాతూన్ కూతురు వర్దేనిని, పదకొండేళ్లదాన్ని, విడిపించమని ఇచ్చిన సొమ్ముతో, బగేష్ సంతలో, ఆ పిల్లను అక్కడే వదిలేసి, ఈ పుస్తకాన్ని తెచ్చాను.”

“ఊ,” అంది మామ్‌ఖాతూన్.

కలం ఆకు మీద ఆగింది. అంతటితో ఆపేయవచ్చు. ఆమెకు తెలిసింది అంతే. ఊరికి తెలిసింది అంతే. వెనక గదిలో ఏం జరిగిందో తెలిసినవాళ్లు ఈ కొండల్లో ఆయన ఒక్కడే, ఆ రెండో మనిషి ఏ ఎడారి దారిలో ఉందో ఎవరికీ తెలియదు. మార్తిరోస్ మళ్లీ సిరా ముంచాడు.

“తెచ్చేముందు, ఆ పిల్లనే అడిగాను.”

మామ్‌ఖాతూన్ తల ఎత్తింది. “ఏమడిగావు?”

మొదటిసారి ఆమె ఆయన్ని నువ్వు అంది. గుడి నిండా జనం వింటున్నారు.

“పుస్తకాన్ని ముందు తీసుకెళ్లనా అని.”

“పదకొండేళ్ల పిల్లని అడిగావా?”

“అడిగాను.”

“ఏమంది?”

ఆయన కలం కింద పెట్టాడు. రెండుసార్లు పెదవులు తడుపుకున్నాడు.

“పాపం దాన్ని కోస్తున్నారు, తీసుకెళ్లండి, నేను ఆగుతాను అంది.”

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చేతులు తీసి, ముందుకు జరిగి, తనకు చదవడం రాని ఆ ఆకు మీద తడి ఆరని చోట, అక్షరాలకు తగలకుండా, వేలు పెట్టి చూపించింది.

“ఇక్కడ,” అంది. “అది కూడా రాయి. అన్నది అన్నట్టు రాయి.”

మార్తిరోస్ రాశాడు.